తొండ ఒంటి వేడిని ఎలా సర్దుకుంటుంది: గుట్ట మీద ఒక రోజంతా గమనించే పద్ధతి

ఎనిమిదో తరగతిలో ఉండగా నేనొక తొండను చంపాను. రాయితో కాదు, గాజు సీసాతో. గాలి ఆడాలని సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టాను. ఆకలేస్తే తింటుందని రెండు చీమలు కూడా లోపల వేశాను. సీసాను మేడ మీద పిట్టగోడ మీద పెట్టి, అన్నం తినడానికి కిందికి దిగాను. ఏప్రిల్ నెల, పదకొండు గంటల ఎండ. తిరిగి పైకి వెళ్లేసరికి అది నోరు తెరుచుకుని పడి ఉంది. సరీసృపాలు శీతల రక్త జంతువులని అప్పుడే పాఠంలో చదువుకున్నాం. చల్లటి రక్తం ఉన్నదాన్ని ఎండేం చేస్తుందిలే అనుకున్నాను.

ఇప్పుడు నల్లగొండ దగ్గర ఒక బడిలో అదే పాఠం నేను చెబుతున్నాను. ఏటా ఫిబ్రవరిలో ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని గుట్ట మీదికి తీసుకెళ్లి, తొండను ముట్టుకోకుండా అది తన ఒంటి వేడిని ఎలా చూసుకుంటుందో రోజంతా రాయిస్తాను. ఆ పద్ధతే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. టీచర్లే కానక్కర్లేదు, ఒక రోజు తీరిక, కొంచెం ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు.

ముందు ఆ మాటను సరిచేసుకోవాలి

‘శీతల రక్తం’ అనే మాటే సగం గందరగోళానికి కారణం. పొద్దున పదకొండింటికి బండ మీద కూర్చున్న తొండ రక్తం మీ రక్తమంత వెచ్చగానే ఉండొచ్చు. పగటిపూట తిరిగే బల్లిజాతుల్లో చాలావాటికి 30 డిగ్రీలకు పైన, 40కి లోపల ఎక్కడో ఒక ఇష్టమైన వేడి ఉంటుంది. అది జాతిని బట్టి మారుతుంది. మన 37 కూడా ఆ మధ్యలోదే కదా. తేడా అంతా ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్న దాంట్లోనే ఉంది. మనకు తిన్న తిండే కట్టెలు, ఒళ్లే పొయ్యి. తొండకు సొంత పొయ్యి లేదు, పొరుగింటి పొయ్యి మీద వండుకునే రకం. ఆ పొరుగిల్లు సూర్యుడు. అందుకే ఇప్పుడు వీటిని ‘బాహ్యోష్ణ జీవులు’ అంటున్నారు, అంటే బయటి వేడి మీద బతికేవి అని.

ఇది చేతకానితనం అనుకోకండి. పొయ్యి మండించే ఖర్చు లేదు కాబట్టి, అంతే బరువున్న క్షీరదం తినేదాంట్లో సుమారు పదో వంతుతో సరీసృపం గడిపేస్తుంది. పాము నెలల తరబడి తిండి లేకుండా ఉండగలగడానికి పెద్ద కారణం ఇదే. వానలు ఎప్పుడొస్తాయో, పురుగులు ఎప్పుడు దొరుకుతాయో తెలియని మన మెట్ట నేలల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

కాకపోతే దానికి పనిగంటలు ఉంటాయి. ఒళ్లు చల్లబడితే కండరాలు మందగిస్తాయి, అరుగుదల ఆగిపోతుంది. ఎలుకను మింగిన పాముకు వెచ్చటి చోటు దొరక్కపోతే ఆ ఎలుక కడుపులోనే కుళ్లడం మొదలవుతుంది, లేదా పాము దాన్ని కక్కేస్తుంది. అటువైపు వేడి మరీ ఎక్కువైతే చావే. ఇష్టమైన వేడికీ ప్రాణం తీసే వేడికీ మధ్య ఎడం చాలా జాతుల్లో పది డిగ్రీలు కూడా ఉండదు. నా సీసాలో జరిగింది అదే. ఎండ ఉంది, పారిపోవడానికి నీడ లేదు.

వేడి వచ్చే దారులు, పోయే దారులు నాలుగే. అవి గుర్తుంటే రోజంతా చూసేది అర్థమవుతుంది. ఎండ నేరుగా తగలడం ఒకటి. చెప్పులు లేకుండా బండ మీద కాలు పెడితే చురుక్కుమనడం రెండోది. గాలి ఒంటికి తగిలి వేడిని మోసుకుపోవడం మూడోది. నాలుగోది తడి ఆరిపోతూ చల్లబరచడం, మన మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడే పద్ధతి. తొండకు చెమట పట్టదు కాబట్టి నాలుగో దారి నోరు తెరిస్తేనే తెరుచుకుంటుంది.

మొదటి మెట్టు: నెల, చోటు

ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య వరకు మంచి కాలం. తెల్లవారుజామున చలి ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ ముదురుతుంది. తొండ చేసే పనులన్నీ ఒకే రోజులో కనిపిస్తాయి. మేలో వెళ్లకండి. మన దగ్గర 44, 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో తొండలు పొద్దు కొంచెం ఎక్కేసరికే దాక్కుంటాయి. మీకు వడదెబ్బ తప్ప ఏమీ దక్కదు. ముసురు పట్టిన రోజు కూడా దండగే.

చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: నాలుగు అడుగుల లోపల ఎండా నీడా రెండూ ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దీనికి కరువు లేదు. గుట్ట అడుగున బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు, ఒకటో రెండో తుమ్మచెట్లు ఉంటే చాలు. బత్తాయి తోట గట్టు మీది రాళ్ల కుప్ప కూడా బాగుంటుంది. ఉండ్రాళ్లు పేర్చినట్టుండే ఆ పాత గ్రానైట్ బండల సందులు తొండకు మూడంతస్తుల మేడ లాంటివి. పైన ఎండ, పక్కన నీడ, లోపల చల్లటి చీకటి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు అక్కడి గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడ గుర్తుండే ఉంటుంది. జనం నీడను చూడటానికి లోపలికి వెళ్తారు. నేను మాత్రం బయట రాళ్ల మీద తొండ ఏ నీడలోకి జరుగుతోందో చూస్తూ ఆగిపోతాను, మా ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అయితే ఈ ప్రయోగం గుడి దగ్గర పెట్టుకోకండి. జనం ఎక్కువ, పైగా పురాతన కట్టడం.

రెండో మెట్టు: తొండను ముందురోజు రాత్రే చూసిపెట్టుకోవడం

ఇది ఎవరూ చెప్పని కిటుకు. పొద్దున్నే వెళ్లి తొండను వెతకడం మొదలుపెడితే మీరు దాన్ని చూసేలోపే అది మిమ్మల్ని చూస్తుంది. మామూలు తోట తొండ రాత్రి పొదల్లో సన్నటి కొమ్మ చివర పడుకుంటుంది. కొమ్మ కదిలితే శత్రువు వస్తున్నట్టు దానికి తెలుస్తుంది. రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి చూస్తే పాలిపోయిన రంగులో, కళ్లు మూసుకుని, కొమ్మను కౌగిలించుకుని కనిపిస్తుంది. ఆ పొదకు ఒక గుడ్డ పీలిక కట్టి వచ్చేయండి. తెల్లారేసరికి అది అక్కడే ఉంటుంది.

టార్చి వేసుకుని వెళ్లేటప్పుడు పొడవాటి బూట్లు వేసుకోండి, ఒక్కరే వెళ్లకండి. ఆ సమయంలో పొదల కింద తిరిగేది మీరొక్కరే కాదు.

బండల మీద ఉండే రాతి తొండ వేరే జాతి. అది రాత్రి సందుల్లో దూరుతుంది కాబట్టి ఇలా దొరకదు. దాన్ని గమనించాలంటే బండకు ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో కూర్చుని ఎదురుచూడటమే మార్గం.

‘తొండ ముదిరితే ఊసరవెల్లి’ అన్న సామెత వల్ల ఈ రెండూ ఒకటే అని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఎంత ముదిరినా తొండ తొండే. ఊసరవెల్లి వేరే కుటుంబం.

మూడో మెట్టు: దొంగ తొండను తయారుచేయడం

మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. బతికున్న తొండ ఒంట్లో థర్మామీటర్ పెట్టడం మన పని కాదు, పెట్టకూడదు కూడా. దాని బదులు అది కదలకుండా ఒకే చోట కూర్చుంటే ఎంత వేడెక్కుతుందో కొలవొచ్చు. శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. తొండంత రాగి బొమ్మ చేసి, రంగు వేసి, లోపల థర్మామీటర్ పెడతారు.

ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లి ముప్పావు అంగుళం రాగి పైపు ముక్కలు మూడు అడగండి. ఒక్కోటి తొండ మొండెమంత, అంటే జానెడు కంటే తక్కువ, పది సెంటీమీటర్లు ఉంటే చాలు. మాకు క్లాక్ టవర్ దగ్గర ఒకాయన మిగిలిన ముక్కలు ఊరికే ఇచ్చాడు, ఎందుకని అడిగి, చెబితే నవ్వాడు కూడా. ఒక చివర ఎం-సీల్‌తో మూయండి. పైన బూడిద, గోధుమ కలిసిన రంగు పూయండి. మెరుపు లేని రంగే కావాలి. మెరిస్తే ఎండ తిరిగి వెళ్లిపోయి లెక్క తప్పుతుంది. ఫ్రిజ్‌లో పెట్టే వైరున్న డిజిటల్ థర్మామీటర్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. దాని వైరు కొసను పైపు మధ్యదాకా దూర్చి, రెండో చివర కూడా ఎం-సీల్‌తో మూసేయండి. వైరు కొస పైపు గోడకు ఆనకుండా మధ్యలో వేలాడేలా చూసుకోవాలి.

ఇలాంటివి మూడు కావాలి. ఒకటి రోజంతా ఎండ పడే బండ మీద, రెండోది పొద నీడలో, మూడోది బండ సందులో మూరెడు లోపలికి. నాలుగోది ఉంటే పొదలో నడుము ఎత్తున కొమ్మకు కట్టండి, మధ్యాహ్నం దాని విలువ తెలుస్తుంది.

మా పిల్లలు వీటికి ‘కాళ్లు లేని తొండలు’ అని పేరు పెట్టారు. సరైన పేరే. ఆ పైపు చెప్పేది కాళ్లు లేకపోతే తొండ గతి ఏమయ్యేదో.

కరోనా రోజుల్లో అందరి నుదుటికీ పెట్టిన ఆ తుపాకీ థర్మామీటర్‌తో తొండను కొలవొచ్చు కదా అని అడుగుతారు. మనుషుల నుదుటి కోసం చేసినవి దీనికి పనికిరావు. ఫ్యాక్టరీల్లో వాడే రకం కూడా దూరం నుంచి తొండను ఒక్కదాన్నే కొలవలేదు. 12కు 1 అని రాసి ఉన్న తుపాకీ మీటరు దూరంలో ఎనిమిది సెంటీమీటర్ల వలయాన్ని మొత్తం కలిపి చదువుతుంది. తొండ వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లే. మీరు చదివేది చాలావరకు బండ వేడి అన్నమాట. బండను కొలవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది.

నాలుగో మెట్టు: పొద్దు పొడవకముందు

ఆరింటికల్లా పొద దగ్గర, పదిహేను అడుగుల దూరంలో, కదలకుండా కూర్చోండి. ముదురు రంగు దుప్పటి కప్పుకుంటే చలికీ పనికొస్తుంది, తొండ కూడా బెదరదు. నోట్‌బుక్‌లో అడ్డంగా గీతలు కొట్టి అయిదు నిమిషాలకొకసారి అయిదు సంగతులు రాయాలి: ఎండలో ఉందా, నీడలో ఉందా, సగం సగమా, ఒళ్లు ఎలా పెట్టింది, రంగు, నోరు తెరిచిందా, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. దాంతోపాటు పైపుల అంకెలు. అయిదు నిమిషాల లెక్క తప్పకండి. ‘ఏదైనా జరిగినప్పుడు రాద్దాం’ అనుకుంటే పరుగులు, తల ఊపడాలు మాత్రమే మిగులుతాయి. ఊరికే కూర్చున్న సమయమంతా పోతుంది, అసలు కథ ఆ ఊరికే కూర్చోవడంలోనే ఉంది.

మొదటి ఎండ పొద మీద పడగానే తొండ కదులుతుంది. పరుగు కాదు, ముసలాయన మంచం దిగినట్టు ఒక్కో కాలు తీసి పెడుతుంది. తిన్నగా ఎండ పడే కొమ్మకో బండకో చేరి, సూర్యుడికి పక్కటెముకల వైపు తిప్పి కూర్చుంటుంది. ఆ తర్వాత జాగ్రత్తగా చూడండి, పక్కటెముకలు విప్పి ఒళ్లు బల్లపరుపుగా చేస్తుంది. చలికాలం పొద్దున మనం ఎండకు అరచేతులు చాపినట్టే. అదే సమయంలో రంగు ముదురుతుంది. రాత్రి టార్చిలో పాలిపోయి కనిపించినది ఇప్పుడు మట్టిరంగు దాటి నలుపుకు దగ్గరవుతుంది. ముదురు రంగు ఎండను ఎక్కువ తాగుతుంది. ఒళ్లు వేడెక్కాక మళ్లీ లేతబడుతుంది.

మగ తొండ మెడ ఎర్రబడటాన్ని దీంతో కలపకండి. అది జత కోసం, ఆ చోటు నాదే అని చాటడం కోసం. తొండ దూరం నుంచే రక్తం పీలుస్తుందని, అందుకే మెడ ఎర్రబడుతుందని మా క్లాసులో ఏటా ఒక్కరైనా చెబుతారు. ఎర్రబడినప్పుడు నోట్‌బుక్‌లో వేరే గడిలో రాసుకోమంటాను.

బయటికి కనిపించని పని ఒకటి లోపల జరుగుతూ ఉంటుంది. ఎండ కాగేటప్పుడు గుండె వేగం పెరిగి, చర్మం దగ్గర వేడెక్కిన రక్తం లోపలికి త్వరగా చేరుతుంది. నీడలోకి పోయాక గుండె నెమ్మదిస్తుంది, కాబట్టి సంపాదించిన వేడి త్వరగా పోదు. అంటే రావడం త్వరగా, పోవడం నెమ్మదిగా. ఆస్ట్రేలియాలోని గడ్డపు తొండల మీద బార్తొలొమ్యూ, టక్కర్ అనే ఇద్దరు 1963లో ఈ సంగతి చూపించారు. జీతం అందుకోగానే ఖర్చు తగ్గించుకునే మనిషి లాంటిది, మా ఇంట్లో ఇది నడవదు.

అయిదో మెట్టు: ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా

టీ తాగడానికి లేవాలనిపించేది సరిగ్గా ఈ సమయంలోనే. లేవకండి.

కిందటేడు మా నోట్‌బుక్‌లోంచి ఒక గంట చెబుతాను. 9:40కి తొండ బండ మీద పూర్తి ఎండలో ఉంది, పొట్ట బండకు ఆనించి. 9:50కి ముందు కాళ్లు నిటారుగా చేసి ఛాతీ పైకెత్తింది, తోక మాత్రం బండ మీదే. 9:55కి నీడలోకి పోయింది, కానీ పూర్తిగా కాదు, తల మాత్రమే. 10:05కి మళ్లీ ఎండలోకి వచ్చి ఒక చీమల బారు దగ్గర ఆగి ఏడెనిమిదింటిని నాకేసింది. 10:15కి నీడ. 10:20కి కూడా నీడే. 10:25కి సగం సగం. ఎండలో పెట్టిన పైపు అప్పటికే 40 దాటింది, నీడలోది 29 దగ్గర ఉంది. బతికున్న తొండ ఆ రెండింటి మధ్య ఆటో నడిపినట్టు అటూ ఇటూ తిరుగుతోంది.

ఇదే అసలు సంగతి. ఎండలో కూర్చున్న పైపుకు 40 దాటింది, నీడలో కూర్చున్న పైపుకు 29. తొండకు ఈ రెండూ వద్దు, మధ్యది కావాలి. మధ్య వేడి ఉన్న చోటు గుట్ట మీద ఎక్కడా లేకపోయినా, రెండు చోట్లనూ సమయంతో కలిపి అది తయారుచేసుకుంటుంది. వేణ్నీళ్లు, చన్నీళ్లు తొలుపుకున్నట్టు.

దాని మెదడులో ఒకే అంకె ఉండి, ప్రతి క్షణం దాన్ని పట్టుకుని కూర్చోదు. పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. పై హద్దు తగిలితే నీడకు, కింది హద్దు తగిలితే ఎండకు. ఫ్రిజ్ మోటారు ఆగడం, మళ్లీ మొదలవడం ఇలాగే కదా. ఇలా చోటు మార్చుకుంటూ ఎడారి బల్లులు, పాములు తమ ఒంటి వేడిని ఇరుకైన హద్దుల్లో నిలుపుకుంటాయని అమెరికాలో కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు 1944లో వివరంగా చూపించారు. అంతవరకు ఇవి బయటి గాలికి లొంగిపోయే జీవులని లోకం అనుకునేది.

పొద్దున ఎంతసేపు ఎండ కాగాలో తెలుసుకోవడానికి దానికి మరో సాయం కూడా ఉంది. తొండ నడినెత్తిన ఒక పొలుసు మధ్య చిన్న చుక్కలా కనిపించేది నిజంగానే మూడో కన్ను. బొమ్మ చూడదు, వెలుతురు మాత్రం పసిగడుతుంది. దాన్ని తీసేసిన బల్లులు ఎండలో ఎక్కువసేపు గడిపాయని స్టెబిన్స్, ఈకిన్ 1958లో రాశారు. ఇంటి బల్లికి, మొసలికి ఈ కన్ను లేదు. మంచి జూమ్ ఉన్న ఫోనైతే తొండ నెత్తి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, పిల్లలు దాన్ని చూసినప్పుడు చేసే గోల వినాలి.

ఆరో మెట్టు: నడి మధ్యాహ్నం

పన్నెండు దాటాక అది ఏం చేయదో చూడాలి. పొద్దున ఎండకు పక్కలు చూపించినది ఇప్పుడు సూర్యుడి వైపే ముఖం పెట్టి, వీలైనంత తక్కువ ఒళ్లు ఎండకు తగిలేలా నిలబడుతుంది. పొట్ట బండకు తగలనివ్వదు. కొన్నిసార్లు కాలివేళ్లు కూడా పైకెత్తుతుంది. నోరు కొద్దిగా తెరిచి, గొంతు ఆడిస్తూ రొప్పితే హద్దు దగ్గరికి వచ్చినట్టు లెక్క. అలా చేస్తే ఒంట్లో నీళ్లు పోతాయి, మళ్లీ నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. కాబట్టి ఇది చివరి ఉపాయం.

తర్వాత చాలాసార్లు పొదలోకి ఎక్కుతుంది. ఎందుకో నడుము ఎత్తున కట్టిన నాలుగో పైపు చెబుతుంది. కాగిన నేలకు దూరంగా, గాలి తగిలే చోట అది నేల మీది పైపు కంటే స్పష్టంగా చల్లగా ఉంటుంది. నేల మీద అందని గాలి తొండకు మూడు అడుగులు ఎక్కితే దొరుకుతుంది. అదీ చాలకపోతే సందులోకి పోతుంది, మీరు కూడా అన్నం తినొచ్చు. సందులోని పైపు అంకె రోజంతా పెద్దగా మారదు, ఆ గీత చూసి పిల్లలు ‘సార్, ఇది పాడైపోయింది’ అంటారు.

ఏడో మెట్టు: రాసినదాన్ని చదవడం

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా సమయం, నిలువుగా డిగ్రీలు. పైపులకు తలో రంగు గీత. తొండ ఎండలో ఉన్న ప్రతి అయిదు నిమిషాలకు ఎండ గీత మీద చుక్క, నీడలో ఉంటే నీడ గీత మీద చుక్క పెట్టండి. పొద్దున చుక్కలన్నీ ఎండ గీత మీద, నడిపొద్దులో అటొకటి ఇటొకటి, మధ్యాహ్నం నీడ గీత మీదికి దిగి, సాయంత్రం మళ్లీ ఎండ వైపు ఎక్కుతాయి.

ఇక్కడ తెలివైన పిల్ల ఒకతి తప్పకుండా అడుగుతుంది: తొండ ఊరికే ఎటు పడితే అటు తిరిగినా ఇలాగే రావచ్చు కదా? మంచి ప్రశ్న. దానికోసం గంటకొకసారి ఆ చుట్టుపక్కల వంద అడుగులు వేయండి. ప్రతి అడుగు దగ్గర బొటనవేలు ఎండలో ఉందో నీడలో ఉందో లెక్కపెట్టండి. వందలో 30 నీడ వచ్చిందనుకుందాం. ఆ గంటలో తొండ కూడా పన్నెండు సార్లలో నాలుగు సార్లే నీడలో ఉంటే, అది ఎంచుకుంటోందని చెప్పలేం. పదిసార్లు నీడలో ఉంటే మాత్రం అది ఊరికే తిరగడం కాదు, ఎంపిక.

ఎండ పైపూ, నీడ పైపూ రెండూ 40 దాటిన గంటలు ఏమైనా ఉన్నాయా అని కూడా చూడండి. ఫిబ్రవరిలో ఉండవు. ఏప్రిల్‌లో ఇంటి పెరట్లో పైపులు పెట్టి చూస్తే కనిపిస్తాయి. ఆ గంటల్లో తొండ బయటికి రాలేదు, అంటే తినలేదు. భూమి వేడెక్కేకొద్దీ ఈ దాక్కునే గంటలు పెరుగుతున్నాయి. మెక్సికోలో ముందు బల్లులు ఉన్న 200 చోట్లను మళ్లీ వెతికితే 12 శాతం చోట్ల అవి అసలు లేకుండా పోయాయని 2010లో ఒక పరిశోధన తేల్చింది. ముఖ్యంగా సంతానం కనే కాలంలో తిండికి బయటికి వచ్చే గంటలు సరిపోకపోవడమే కారణమని వాళ్లు లెక్కగట్టారు.

తొండ కానివాటి సంగతి

సూత్రం ఒకటే, తీరు మారుతుంది. ఉడుము పెద్దది కాబట్టి వేడెక్కడానికీ చల్లబడటానికీ సమయం ఎక్కువ పడుతుంది, తొండలాగా క్షణక్షణం అటూ ఇటూ పరిగెత్తదు. కృష్ణ ఒడ్డున ఇసుక మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుంటే అది బెదిరింపు కాదు, నోటి తడి ఆరనిచ్చి తల చల్లబరుచుకోవడం. మొసలి పిల్ల ఆడదా మగదా అన్నది కూడా గూడు వేడే తేలుస్తుంది. మన మగ్గర్ మొసలి గుడ్లు 28 నుంచి 31 డిగ్రీల దగ్గర ఉంటే ఆడ, 32.5 దగ్గర ఉంటే మగ.

సొంత పొయ్యి లేదన్న మాటకు కొండచిలువ ఒక మినహాయింపు. గుడ్లు చుట్టుకుని కూర్చున్న తల్లి కండరాలను అదేపనిగా కుదిపి, చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. చలికి మనం వణికినట్టే.

జ్వరం కూడా వీటికి ఉంది. ఒళ్లే వేడి పెంచలేదు కాబట్టి జబ్బుపడ్డ బల్లి నడిచి వెళ్లి మామూలు కంటే వెచ్చటి చోట కూర్చుంటుంది. అమెరికా ఎడారి ఇగువానాల మీద 1970ల్లో చేసిన ప్రయోగాల్లో, బ్యాక్టీరియా ఎక్కించినవి రెండు డిగ్రీలు ఎక్కువ వేడి చోటు ఎంచుకున్నాయి. అలా వేడిగా ఉన్నవే ఎక్కువగా బతికాయి.

చేయకూడనివి

సందుల్లో చేయి పెట్టొద్దు, పైపును కట్టెతో లోపలికి తోయండి. చలికాలం పొద్దున రక్తపింజర కూడా ఎండ కాగడానికి వస్తుంది, బండ మీద కూర్చునే ముందు వెనక వైపు చూసుకోండి. దేన్నీ పట్టుకోవద్దు. ఉడుము, మొసలి, కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలువి, పట్టుకుంటే జైలే. తొండనైతే ఎవరూ అడగరు కదా అనకండి, నా సీసా సంగతి మొదట్లోనే చెప్పాను. దారి తప్పి ఇంట్లోకి వచ్చిన తొండను బుట్టతో మూసి బయటికి చేర్చాల్సి వస్తే, సగం ఎండ సగం నీడ ఉన్న చోట వదలండి. ఎటు పోవాలో దానికి తెలుసు.

చివరి మెట్టు: పొద్దుగూకాక

సాయంత్రం నాలుగున్నర నుంచి తొండ మళ్లీ బండ మీదికి వస్తుంది. ఎండ పలచబడినా బండలో వేడి ఇంకా ఉంటుంది, పొట్ట ఆనించి ఆ మిగులును తీసుకుంటుంది. రాత్రిపూట కాగిన తారు రోడ్డు మీద పాము చేసేది కూడా చాలావరకు ఇదే. రాత్రి బండి నడిపేటప్పుడు రోడ్డు మీద పొడవాటిదేదైనా కనిపిస్తే తాడే అనుకోకండి.

చీకటి పడ్డాక టార్చితో ఒకసారి అదే పొద దగ్గరికి వెళ్లండి. నిన్నటి కొమ్మ మీదో, పక్క కొమ్మ మీదో పాలిపోయిన రంగులో పడుకుని ఉంటుంది. ఒళ్లు గాలంత చల్లగా ఉంటుంది. శీతల రక్తం అనే మాట దానికి సరిపోయేది ఇప్పుడే.

వచ్చేటప్పుడు పైపులు లెక్కపెట్టి తెచ్చుకోండి. ఒకసారి మేము సందులోది మర్చిపోయి మర్నాడు పోయి చూస్తే థర్మామీటర్, ఎం-సీల్ ముక్కలు అక్కడే ఉన్నాయి, రాగి మాత్రం లేదు.